వెన్న తీసినట్టు విషం తీశాడు

మజ్జిగలోంచి వెన్న తీసినట్టు, శవంలోంచి విషం తీసిన మనిషి కథ వినండి.

1850లో బెల్జియంలో బొకార్మే అనే జమీందారు, ఆస్తి కోసం బావమరిదికి పొగాకులోని నికోటిన్ పట్టించి చంపాడు. ఆనవాలు దొరక్కుండా వెనిగర్ పోయించాడు. మొక్కల విషం ఒంట్లో కలిశాక పట్టుకోలేమని ఆనాటి పెద్ద పండితులే అనేవారు.

స్టాస్ అనే రసాయనవేత్త ఊరుకోలేదు. శవభాగాలను ఆల్కహాలులో నానబెట్టి, వడగట్టి, క్షారం చేర్చి, ఈథరుతో కలిపి కుదిపాడు. నికోటిన్ ఈథరులోకి చేరి పైకి తేలింది! 1851లో జమీందారు తల తెగింది.

తరవాత ఒట్టో అనే ఆయన ఆ పద్ధతికి మెరుగులు దిద్దాడు. ఇవాళ మార్ఫిన్ వంటి మత్తుమందు ఎంత ఉందో యంత్రాలు కొలిచి చెబుతాయి. అయితే ముందు దాన్ని రక్తమాంసాల నుంచి విడదీయాలి కదమ్మా! ఆ దారి చూపింది స్టాసే. నోరులేని మృతుడికి అలా ఒక సాక్షి దొరికాడు.