కొడగు ఇంటి తుపాకి

కావేరి పుట్టిన కొండల నడుమ నున్న కొడగు సీమలో, ఇంటి పొలమును ఇంటి పేరును ఎట్లు తాత నుండి మనుమనికి దిగునో, అట్లే పాత తుపాకియు దిగుచు వచ్చినది. మగశిశువు పుట్టినచో ఒక మారు, ఇంట ఒకరు గతించినచో వెంటవెంటనే రెండు మారులు తుపాకి ప్రేల్చుట అక్కడి పూర్వాచారము. కొండకు ఆవలి బంధువులు చప్పుళ్లను లెక్కించియే శుభాశుభములను తెలిసికొనెడివారు.

1857 నాటి తిరుగుబాటు పిమ్మట ఆంగ్ల ప్రభుత్వము ప్రజల చేతి ఆయుధములను లాగికొనుటకు శాసనము చేసినది. కొడగు వాసులగు కొడవలు తమ పక్షమున నిలిచిరన్న ప్రీతితో, కమీషనరు మార్కు కబ్బను దొర 1861లో ఆ శాసనము కొడగునకు వర్తింపదని ప్రకటించెను. వైస్రాయి లిట్టను కాలమున 1878లో ఆయుధ శాసనము వెలువడి, లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి పట్టరాదని విధించినప్పుడును, స్వతంత్ర భారతము 1959లో తన శాసనమును తాను వ్రాసికొన్నప్పుడును, కొడవజాతి వారికిని జమ్మ యను వంశపారంపర్య భూములు గలవారికిని ఈ మినహాయింపు నిలిచియే యున్నది. పరపాలకుని మెప్పుగా లభించిన హక్కు గదా యని నా మనస్సు కొంత నొచ్చును. ఏలయనగా మన మన్యమున అల్లూరి సీతారామరాజు 1922లో చింతపల్లి ఠాణాపై పడి తుపాకులను చేజిక్కించుకొనవలసి వచ్చినది. అయినను కొడవల ఆయుధభక్తి ఏ దొర ప్రకటన వలనను పుట్టినది కాదు.

ఆ భక్తిని చూడవలెనన్న కైల్‌పొల్దు పండుగనాడు చూడవలెను. వరినాట్లు ముగిసి, సెప్టెంబరు మొదటి దినములు రాగానే, తుపాకులను దింపి, తుడిచి, నూనె పట్టించి, పీచెకత్తి ఒడికత్తులతో కూడ పూజగదిలో చేర్తురు. గొట్టము మొనయందు అడవినాభి పూవును తురుముదురు. ఎఱుపును పసుపును కలసి, మంటనాలుకల వలె పైకి లేచిన ఆ పూవునకు వారి భాషలో తోక్ పూ, అనగా తుపాకిపూవు, అని పేరు. జమ్మిచెట్టుపై నుండి పాండవులు ఆయుధములు దింపుకొన్న కథ వినుచు పెరిగిన తెలుగువారికి ఈ దృశ్యము పరాయిదిగా తోచదు. పూజానంతరము చెట్టుకొమ్మన ఎత్తుగా కట్టిన కొబ్బరికాయను గురిచూచి కొట్టుదురు.

ఈ వంశాయుధములలో పాతవి మూతినుండి మందు కూరునవి. తుపాకిమందును కొలిచి గొట్టములో పోసి, పీచు నొక్కి, రవ్వలు వేసి, మరల పీచు నుంచి, గజముతో దట్టించి, వెనుక టోపీ తగిలించిన పిమ్మటనే గుఱ్ఱము లాగవలెను; తొందరపాటునకు అందు తావు లేదు. మందు ఎంత పోయవలెనో, ఆ గొట్టము ఎంత వఱకు ఓర్చునో పుస్తకమునుండి వచ్చు తెలివి కాదు. పెదతండ్రి కొలిచి చూపగా, తమ్ముని కొడుకు నేర్చుకొనును. తుపాకితో పాటు ఈ ఎఱుకయు చేతులు మారుట చేతనే, నేను దీనిని సేకరణ యనక సంప్రదాయ మందును.

లైసెన్సు అక్కఱలేని ఈ హక్కునకును హద్దు కలదు; కొడగు దాటి వెళ్లునప్పుడు ఒక రైఫిలును 100 తూటాలును, ఒక నునుపుగొట్టపు తుపాకియు 500 తూటాలును మించి వెంట నుంచుకొనరాదు. ఈ మినహాయింపును కేంద్ర ప్రభుత్వము 2019లో మరల 2029 వఱకు పొడిగించినది.