ఏడిళ్ల అన్నం, ఒక కాలేజీ

వందేళ్ల కిందట కోస్తాలో పేదింటి కుర్రాడు కాలేజీ ఎంచుకోవాలంటే ముందు తేలాల్సింది అన్నం సంగతి. రాజమండ్రి కాలేజీ, బందరు నోబుల్ కాలేజీ, విజయనగరం మహారాజా కళాశాల... సీటు దొరకడం ఒక ఎత్తు, ఆ ఊళ్లో వారాలు, అంటే రోజుకో ఇంట భోజనం, కుదరడం ఇంకో ఎత్తు. సోమవారం వకీలుగారిల్లు, మంగళవారం దూరపు బంధువులు. అరుగు మీద పుస్తకాలు పెట్టి, కాళ్లు కడుక్కుని విస్తరి ముందు కూర్చోవాలి. ఏడో ఇల్లు దొరక్కపోతే ఆ రోజు మంచినీళ్లే.

ఈ వారాలు ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకే అందాయి. మిగతావాళ్లకు ఆ గడపలు తెరుచుకోలేదన్నది మరవకూడని నిజం.

అందుకే హాస్టళ్లు కాలేజీలంత ముఖ్యమయ్యాయి. హైదరాబాదులో 1918లో రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ వెలిసింది.

హైదరాబాదులో కాలేజీ ఎంపికలో భాష కూడా చేరింది. 1887 నాటి నిజాం కాలేజీ మద్రాసు యూనివర్సిటీకి అనుబంధం, చదువు ఇంగ్లీషులో. 1918లో పుట్టిన ఉస్మానియాలో బోధన ఉర్దూలో. తెలుగింటి పిల్లవాడికి రెండూ పరాయి భాషలే.

ఇక కోస్తాకొస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, తర్వాత వాల్తేరు చేరింది. అది మొదలయ్యేవరకూ కోస్తా కాలేజీల పట్టాలన్నిటి మీదా మద్రాసు ముద్రే.