సరిహద్దు ఊరు – పరదరామి

కొన్నేళ్ళ క్రితం ఎనిమిదవ తరగతికి సాంఘికశాస్త్రం బోధిస్తుండగా ఒక బాలిక లేచి, "టీచర్, మన ఊరి చరిత్ర ఏ పుస్తకంలో ఉంటుంది?" అని అడిగింది. పల్లవుల, చోళుల చరిత్రను తెలుగు లిపిలో చదువుకొనే పిల్ల ఆమె. ఆనాడు నేను సరియైన సమాధానం చెప్పలేకపోయాను. మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచిక ఆ బాకీ తీర్చుకొనే అవకాశం నాకు కల్పించింది.

పరదరామి గుడియాత్తం నుండి చిత్తూరుకు పోయే రహదారిపై, రాష్ట్ర సరిహద్దు చెంత ఉన్న చిన్న ఊరు. ఒకవైపు చేనేత లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరుపొందిన గుడియాత్తం. మరొకవైపు బెల్లానికి, మామిడికి పేరుపొందిన చిత్తూరు. మద్రాసు–బెంగుళూరు రైలుమార్గం గుడియాత్తం మీదుగాను, పాకాల–కాట్పాడి మార్గం చిత్తూరు మీదుగాను సాగిపోయాయి. నడుమనున్న మన ఊరికి రహదారియే ఆధారమైంది. ఆ దారిన ధాన్యము, బెల్లము వచ్చినట్లే పెండ్లి సంబంధాలూ వచ్చాయి, మాటలూ వచ్చాయి.

పదునెనిమిదవ శతాబ్దంలో ఈ ప్రాంతం యుద్ధాల నడుమ నలిగింది. 1749లో ఆంబూరు యుద్ధంలో ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ మరణించాడు. 1782 డిసెంబరులో చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేట వద్ద దండు విడిదిలో హైదరాలీ కన్నుమూశాడు. 1801లో నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమయింది. చిత్తూరు పాలెగాండ్రు ఎదురుతిరిగినా, కొద్ది సంవత్సరాలలోనే కంపెనీ వారిని అణచివేసింది. అటుపిమ్మట ఈ సీమ యావత్తూ ఉత్తర ఆర్కాటు జిల్లా అయింది.

ఇక్కడ మన విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం వేలూరు కాదు, చిత్తూరు. 1911కు పూర్వం గుడియాత్తం తాలూకా రైతు కలెక్టరు కచేరీలో పని పడితే చిత్తూరుకే పోవలసివచ్చేది. అరవమూ తెలుగూ మాట్లాడే జనులు ఒకే జిల్లాలో, ఒకే కచేరీ కింద ఉండేవారు.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుండి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి మొదలైన తాలూకాలు, కడప జిల్లా నుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అందులో చేరాయి. గుడియాత్తం తాలూకా ఉత్తర ఆర్కాటులోనే ఉండిపోయింది; వేలూరు ఆ జిల్లాకు ముఖ్యపట్టణమైంది. నాటికది ఒకే రాజధానిలోని రెండు జిల్లాల నడుమ గీత మాత్రమే. కాని 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు చిత్తూరు జిల్లా అందులో చేరింది, ఉత్తర ఆర్కాటు మద్రాసు రాష్ట్రంలో మిగిలింది. కచేరీల సౌకర్యానికి గీసిన గీత రెండు రాష్ట్రాల ఎల్ల అయింది. పొలం ఒకచోట, పుట్టిల్లు ఒకచోట అయినవారు ఎందరో.

ఈ ఎల్ల కూడా స్థిరంగా నిలువలేదు. ఉపాధ్యాయులందరూ స్మరించే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మస్థలమైన తిరుత్తణి ఇందుకు నిదర్శనం. 1888లో ఆయన జన్మించినప్పుడు అది ఉత్తర ఆర్కాటు, 1911లో చిత్తూరు జిల్లా, 1953లో ఆంధ్రరాష్ట్రం. పటాస్కర్ గారి సిఫారసుల ననుసరించి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఊరు కదలలేదు, దాని చిరునామా మాత్రం మారుతూ వచ్చింది.

గీత వేరుచేయలేనివి కొన్ని ఉన్నాయి. వైగాసి మాసారంభంలో గుడియాత్తంలో గంగమ్మ సిరసు ఉత్సవం జరుగుతుంది. అమ్మవారి శిరస్సును ఊరేగించి దేహానికి అమర్చే ఆ వేడుక వెనుక రేణుకాదేవి కథ ఉన్నది. సుమారుగా అదే కాలంలో చిత్తూరు సీమలోనూ గంగమ్మ జాతరలు సాగుతాయి. వేసవిలో ద్రౌపదమ్మ గుళ్ళ ముందు జరిగే భారత ఉత్సవాలూ అంతే. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపసుమాను ఎక్కుట, దుర్యోధన వధ, చివర అగ్నిగుండం. అటువైపు తెలుగులో, ఇటువైపు అరవంలో ఒకే కథ నడుస్తుంది. రెండు భాషలూ తెలిసిన మన పెద్దలు రెండింటినీ చూచి ఆనందించేవారు.

మన పాఠశాల ప్రారంభమైన నాటికి ఆంధ్రరాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. మొదటి తరగతి పిల్లలు పెద్దబాలశిక్ష దాటకముందే వారి భాష ఈ రాష్ట్రంలో అల్పసంఖ్యాకుల భాష అయింది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతున్నది. 2006లో వచ్చిన చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి క్రమంగా నిర్బంధ పాఠ్యాంశం చేసింది. ఆ పిల్లలు పదవ తరగతికి వచ్చిన 2016లో పరీక్ష విషయమై తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్ళవలసివచ్చింది. మినహాయింపులు లభించాయి, 2023 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానం మరొక సంవత్సరం పొడిగించింది. ఏటేటా గడువు కోసం ఎదురుచూచే చదువు ఎంత కలవరపెడుతుందో తరగతి గదిలో ఉన్నవారికి తెలుసు.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మన పిల్లలు తమిళం చక్కగా నేర్చుకోవాలి. అది వారు బ్రతికే నేల భాష, ఇరుగుపొరుగు భాష. కాని దానికోసం తెలుగును విడువనక్కరలేదు. మన తాతలు రెండింటినీ ఏ చట్టమూ లేకుండానే నేర్చుకొన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, వ్రాయను చదవను రాని తరం వస్తే, అవ్వ దాచిన పాత దస్తావేజు మనుమరాలికి అర్థంకాని కాగితమవుతుంది.

కనుక పూర్వవిద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ ఇళ్ళలోని పాత క్రయపత్రాలు, పెండ్లి శుభలేఖలు, పన్ను రసీదులు, పాఠశాల ఛాయాచిత్రాలు పారవేయకండి. నకళ్ళు తీయించి పాఠశాల గ్రంథాలయానికి ఇవ్వండి. ఇంట పెద్దలుంటే 1953 నాటి సంగతులు అడిగి పిల్లలచేత వ్రాయించండి. ఆనాటి బాలిక అడిగిన పుస్తకం ఇంకా ఎవరూ వ్రాయలేదు. దానిని వ్రాయవలసినవారు మనమే.