వీధుల పేర్లలో చెన్నపురి చరిత్ర

చెన్నపురి చరిత్రను తెలిసికొనగోరు విద్యార్థి జార్జిటౌను వీధులలో ఒక పూట కాలినడకన తిరుగవలెను. 1639లో దామెర్ల సోదరులు ఆంగ్ల వర్తకులకు కోట కట్టుకొన అనుమతి నొసగిరి. వారి తండ్రి చెన్నప్పనాయని పేరనే చెన్నపట్టణమను నామము కలిగెనని ప్రసిద్ధి.

18వ శతాబ్దిలో కోట రక్షణకై చేరువనున్న పాత పేటను, అందలి చెన్నకేశవాలయమును తొలగించిరి. ప్రజలు కొంత దూరము జరిగి కొత్త పేట కట్టుకొనిరి. ఆలయము పూలబజారు చెంత మరల వెలసినది. ఆ పేటకే 1911లో ఐదవ జార్జి చక్రవర్తి పేరు పెట్టిరి.

నడచుకొలది కథలు ఎదురగును. ఒకనాటి నాణెముల ముద్రణశాల మింటు వీధికి పేరిచ్చినది. 1914లో దినపత్రికయైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రికకు తంబుచెట్టి వీధి నెలవైనది. కొత్వాలు చావడి కూరగాయల అంగడి 1996లో కోయంబేడునకు తరలినను, ఆ చోటికి పాత పేరే నిలిచినది.

ఇక్కడి మన పిల్లలు ఈ పేర్లను దినమును పలుకుచున్నారు. వాని వెనుకనున్న కథను మాత్రము పలువు రెరుగరు. ఇంటిలో చెప్పు పెద్దలు తగ్గుచున్న ఈ కాలమున, ఆ కథను చెప్పవలసిన బాధ్యత తెలుగు బడిదే. ఉపాధ్యాయులు ఏటికొకమారైనను పిల్లలను ఈ వీధులలో నడిపింతురు గాక.