837 కిలోహెర్ట్జ్: మన బెజవాడ రేడియో

మన బడి కంటే వయసులో పెద్దది బెజవాడ రేడియో. 1948 డిసెంబర్ 1న మొదలైంది. అంతకుముందు కోస్తా వాళ్ళకి 1938లో పెట్టిన మద్రాసు కేంద్రమే ఆధారం.

పొద్దున్నే భక్తిరంజని. బాలాంత్రపు రజనీకాంతరావు గారి పుణ్యమా అని అక్షరం రాని అమ్మమ్మలకీ తత్త్వాలు నోటికొచ్చాయి. ఆదివారం ఉషశ్రీ గారు రామాయణం అందుకుంటే వీధి వీధంతా ఒకటే గొంతు. సంక్షిప్త శబ్దచిత్రం వస్తే సినిమా టిక్కెట్టు డబ్బులు మిగిలినట్టే!

సినిమా పాటలది మాత్రం వేరే కథ. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ వాటికి కత్తెర వేశారు. శాస్త్రీయ సంగీతం మీద ఆయన ప్రేమని కాదనలేం గానీ, జనం ముల్లు సిలోన్ వైపు తిరిగింది. అక్కడ మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు మనింటి మనిషి పలుకైపోయింది. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి వచ్చాక గానీ ఆకాశవాణి దారికి రాలేదు.

ట్రాన్సిస్టర్‌ని అటూ ఇటూ తిప్పేవాళ్ళం, గుర్తుందా? లోపలి ఫెర్రైట్ కడ్డీ స్టేషనుకి అడ్డంగా ఉంటేనే మీడియం వేవ్ బాగా పలికేది. రాత్రయితే తరంగాలు పైనున్న అయనోవరణానికి తగిలి తిరిగొచ్చేవి. అందుకే ఎక్కడెక్కడి భాషలో మన పాటలో కలిసిపోయేవి.

ఆనాడు రేడియో పక్కన టేప్‌రికార్డర్ పెట్టి ఎక్కించుకున్న ఉషశ్రీ గారి క్యాసెట్లు ఎవరి దగ్గరైనా ఉంటే సంఘానికి ఇవ్వండి. టేపు బూజు పట్టకముందే కాపీ తీయించి, మీది మీకు ఇచ్చేస్తాం.