ఇంజిన్ బోల్టు థ్రెడ్ పోతే: మార్చాలా, మరమ్మతు చేయాలా?

కారు ఇంజిన్ ఆయిల్ మార్చేటప్పుడు అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పి, పాత నూనె వదిలి, మళ్లీ బిగిస్తారు. ఒక్కోసారి ఆ బోల్టు చివర్లో బిగుసుకోకుండా ఊరికే తిరుగుతూ ఉంటుంది. రంధ్రం లోపలి మరచుట్లు తెగిపోయాయన్నమాట. తెలుగు మెకానిక్కులు ‘థ్రెడ్ పోయింది’ అంటారు. మరచుట్లను గాజులతో పోల్చి ‘చూడీ’ అని పిలిచే హిందీ, ఉర్దూ మెకానిక్కుల నోట ‘చూడీ మర్ గయీ’ అన్న మాట వినిపిస్తుంది, అంటే చచ్చిపోయిందని. నిజానికి చాలాసార్లు దాన్ని బతికించవచ్చు. సరిగ్గా చేస్తే కొత్త మర పాతదానికన్నా గట్టిగానే ఉంటుంది. అడ్డదారి తొక్కితే మాత్రం నూనె కారిపోయి ఇంజినే పట్టేసే ప్రమాదం ఉంది.

ఇనుము పోయి అల్యూమినియం వచ్చాక

2014 దాకా తయారైన అంబాసిడర్ కారుకు చాలాకాలం ఆధారమైన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమే. కాస్త మోటుగా బిగించినా తట్టుకునేవి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 అల్యూమినియం హెడ్‌ను మధ్యతరగతి ఇళ్లకు చేర్చింది. ఇప్పుడు చాలా కార్లలో బ్లాకు కూడా అల్యూమినియమే. బరువు తగ్గింది, మైలేజీ పెరిగింది. కానీ బోల్టు ఉక్కుది. ఉక్కుకూ అల్యూమినియానికీ పోటీ పడితే తెగేది మెత్తటిదే. పదుల రూపాయల బోల్టు చెక్కుచెదరకుండా ఉండి, వేల రూపాయల హెడ్ దెబ్బతినడానికి కారణం ఇదే.

బిగింపు ఎంత ఉండాలన్నది చాలామంది ఊహకు అందదు. 10 నంబర్ పానా పట్టే 6 మి.మీ. బోల్టుకు అల్యూమినియంలో సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే పావు మీటరు పొడవున్న పానా చివర సుమారు 4 కిలోల బరువు వేలాడదీసినంత. మణికట్టు బలమున్న మెకానిక్ దానికి రెండింతలు తెలియకుండానే పెట్టేస్తాడు. పైగా పానా మీద పెట్టిన శ్రమలో దాదాపు పదో వంతే బోల్టును సాగదీసి పట్టు ఇస్తుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. అందుకే పొడి మరకు చెప్పిన బిగింపును నూనె పూసిన మరకు పెడితే, టార్క్ రెంచ్ అదే అంకె చూపించినా, బోల్టు మీద లాగుడు పెరిగిపోతుంది. ఆ లాగుడు కూడా అన్ని చుట్ల మీదా సమానంగా పడదు. మొదటి చుట్టే దాదాపు మూడో వంతు మోస్తుంది. అది తెగితే భారం రెండోదాని మీద పడుతుంది, తర్వాత మూడోదాని మీద.

వేడి ఇంజిన్ నుంచి స్పార్క్ ప్లగ్ విప్పడం, బోల్టును వంకరగా ఎక్కించి పానాతో తోసేయడం కూడా మామూలు కారణాలే. కొలతలు కలగాపులగం కావడం ఇంకొకటి. 5/16 అంగుళాల బోల్టు వ్యాసం 7.94 మి.మీ., చేత్తో చూస్తే 8 మి.మీ. బోల్టుకూ దానికీ తేడా తెలియదు. చుట్ల మధ్య దూరం మాత్రం వేరు. 10 మి.మీ. బోల్టుల్లోనే 1.25, 1.5 అని రెండు రకాల పిచ్ ఉన్నాయి. పాత డబ్బాలో చేతికందిన బోల్టు మూడు చుట్లు తిరిగి ఆగిందంటే అక్కడే ఆపి, వెనక్కి విప్పాలి.

మరమ్మతు ఎలా?

ముందు చూడాల్సింది మర నిజంగా తెగిందా, లేక ఒకటి రెండు చుట్లు నలిగాయా అన్నది. నలిగితే థ్రెడ్ ఛేజర్‌తో దారి సరిచేస్తే సరిపోతుంది. మామూలు ట్యాప్ వాడితే ఉన్న లోహాన్ని కూడా కొంత కోసేస్తుంది. రంధ్రం లోతుగా ఉండి, పాత బోల్టు అడుగుదాకా చేరకపోతే కాస్త పొడవైన బోల్టుతో కింద మిగిలిన మరను అందుకోవచ్చు. ఖర్చు లేని మార్గమిది. చాలామందికి తట్టదు.

పూర్తిగా తెగినప్పుడు నమ్మదగిన పని ఇన్సర్ట్ వేయడం. ఇందులో అందరికీ తెలిసిన పేరు హెలికాయిల్. ఒక కంపెనీ పేరే ఇప్పుడు ఆ రకం వస్తువులన్నిటికీ పేరైపోయింది. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగను స్ప్రింగులా చుట్టి చేసిన మర అది. 8 మి.మీ. బోల్టు రంధ్రం పాడైతే దాన్ని సుమారు 8.3 మి.మీ.కు డ్రిల్ చేసి, ప్రత్యేక ట్యాప్‌తో కొత్త మర కోస్తారు. ఆ ట్యాప్ బయటి వ్యాసం దాదాపు 9.6 మి.మీ., పిచ్ మాత్రం పాత 1.25నే. బజార్లో దొరికే మామూలు 10 మి.మీ. ట్యాప్ ఇక్కడ పనికిరాదు. తీగచుట్టను ఆ మరలోకి తిప్పి, పైఅంచుకు పావు చుట్టు నుంచి అరచుట్టు కిందికి దింపి, అడుగున ఉండే చిన్న కొక్కేన్ని విరిచి తీసేస్తారు. తర్వాత పాత సైజు బోల్టే పడుతుంది. కొత్త మర అల్యూమినియంలో ఇంకా పెద్ద వ్యాసం మీద పట్టుకుంటుంది, బోల్టు ఉక్కు మీద తిరుగుతుంది. గట్టిదనం అక్కడి నుంచే వస్తుంది. అల్యూమినియంలో ఇన్సర్ట్ పొడవు బోల్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, వీలైతే రెండు రెట్లు ఉండటం మంచిది.

పని చెడేది ఎక్కువగా డ్రిల్ దగ్గరే. చేతి డ్రిల్లు కొంచెం ఒరిగినా బోల్టు ఒక పక్కకు లాగుతుంది, వాషర్ సమంగా కూర్చోదు. మంచి లేత్ షాపువాళ్లు భాగాన్ని విప్పి తెమ్మనేది అందుకే. ట్యాప్‌ను కిరసనాయిలుతోనో కటింగ్ ఆయిల్‌తోనో తడుపుతూ, అర తిప్పు ముందుకు, పావు తిప్పు వెనక్కి తిప్పాలి. వెనక్కి తిప్పినప్పుడే రజను తెగి రాలుతుంది. తొందరపడితే ట్యాపే లోపల విరుగుతుంది. గట్టి ఉక్కు కాబట్టి దాన్ని తీయడం అసలు పనికన్నా కష్టం.

స్పార్క్ ప్లగ్ రంధ్రం సంగతి వేరు. అక్కడ రాలిన రజను నేరుగా సిలిండర్‌లో పడుతుంది. హెడ్ విప్పకుండా చేయాలంటే ట్యాప్ గాడుల్లో గ్రీజు నింపి రజనును పట్టుకోవాలి, పని అయ్యాక గాలితో లోపల శుభ్రం చేయాలి. ప్లగ్ తన వేడిలో కొంత మరల ద్వారానే హెడ్‌కు వదులుతుంది. పైగా ఇది తరచూ విప్పి బిగించే చోటు. కాబట్టి తీగచుట్టకన్నా గట్టి గొట్టంలాంటి బుష్ ఇన్సర్ట్ మేలు. కొత్త ప్లగ్‌కు చిన్న రబ్బరు గొట్టం తొడిగి, దానితో తిప్పి ఎక్కించడం పాత మెకానిక్కుల చిట్కా. మర తప్పుగా పడితే ప్లగ్ ఆగిపోయి గొట్టమే జారుతుంది.

టెఫ్లాన్ టేపు చుట్టడం, ఎపాక్సీ నింపడం, తన దారి తానే కోసుకునే ఓవర్‌సైజ్ డ్రెయిన్ బోల్టు దూర్చడం మరమ్మతులు కావు. మూడోదానికి అల్యూమినియం ఛాంబర్ పగలొచ్చు కూడా.

కంపెనీ సర్వీస్ సెంటర్లలో తరచూ వినిపించే సమాధానం ‘భాగం మార్చాలి’ అన్నదే. వారంటీ, బాధ్యత వాళ్ల కారణాలు, వాటిని కొట్టిపారేయలేం. అయితే విజయవాడ ఆటోనగర్‌లోనో, ఢాకాలోని ధోలైఖాల్‌లోనో లేత్ పనివాళ్లు ఇలాంటి రంధ్రాలను బాగుచేస్తూనే ఉన్నారు. ఆ దారి కూడా ఉందని యజమానికి చెప్పకుండా హెడ్ మార్చేయడం న్యాయం కాదు.

హెడ్ బోల్టుల దగ్గర మాత్రం లెక్క మారుతుంది. 2000ల ఆరంభంలో టొయోటా క్యామ్రీలో వచ్చిన 2.4 లీటర్ల 2ఏజెడ్-ఎఫ్ఈ ఇంజిన్ ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. అల్యూమినియం బ్లాకులో హెడ్ బోల్టుల మరలు, ముఖ్యంగా వెనకవైపువి, లోహంతో సహా ఊడివచ్చేవి. హెడ్ పట్టు సడలి కూలెంట్ కారేది, ఇంజిన్ వేడెక్కేది. గాస్కెట్ మాత్రమే మార్చినవాళ్లకు సమస్య తిరిగొచ్చింది. తర్వాత వచ్చిన ఇంజిన్లలో మర లోతు పెంచారు. పాతవాటికి నిలిచిన మరమ్మతు, హెడ్ విప్పి, జిగ్ సాయంతో నిటారుగా డ్రిల్ చేసి, పది రంధ్రాలకూ బుష్ ఇన్సర్టులు వేయడమే. ఇది రోడ్డు పక్కన చేసే పని కాదు. పైగా చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు బిగించినప్పుడే శాశ్వతంగా సాగుతాయి కాబట్టి పాతవి మళ్లీ వాడకూడదు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు ఓసారి కింద వంగి డ్రెయిన్ బోల్టు చూడటం మంచిది. చుట్టూ సిలికాన్ పూత కనిపించినా, బోల్టు తల ఆ మోడల్‌కు ఉండాల్సిన సైజులో లేకపోయినా, ఆ రంధ్రానికి ఏం జరిగిందో, ఎవరు చేశారో అమ్మేవారిని అడగాలి. ఇన్సర్ట్ వేశామంటే కారు వద్దనుకోనక్కర్లేదు. ఓవర్‌సైజ్ బోల్టు ఉంటే మాత్రం ఆయిల్ ఛాంబర్ మార్చే ఖర్చును బేరంలో కలపాలి.