పాత జీపు: ఇంజన్ మార్పిడి తర్వాత గేర్ల ఎంపిక

పాత ఫోర్‌వీల్ జీపుకు అసలు ఇంజన్ దించి మరొకటి బిగించినప్పుడు గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, క్రౌన్-పినియన్ ఈ మూడింటి నిష్పత్తులూ కొత్త ఇంజన్‌కు కుదరాలి. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఇది ఇప్పటికీ బతుకుతెరువు విషయమే. అహోబిలంలో పావన నరసింహస్వామి గుడికీ, శ్రీశైలం వైపు నుంచి ఇష్టకామేశ్వరి అమ్మవారి దగ్గరికీ నల్లమల రాళ్ల దారుల్లో భక్తుల్ని చేరవేసేవి ఈ తరహా జీపులే.

మహీంద్రా తయారుచేసిన సీజే-3బీ జీపుకు విల్లీస్ వారి హరికేన్ పెట్రోల్ ఇంజన్ ఉండేది: 2.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, గరిష్ఠ వేగం దాదాపు 4000 ఆర్‌పీఎం. మూడు గేర్ల టీ-90 గేర్‌బాక్స్, 5.38 క్రౌన్ దానికి జత. పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది డీజిల్‌కు మారారు. మహీంద్రా ఎంఎం540లో వచ్చిన 2112 సీసీ ప్యూజో ఎక్స్‌డీపీ 4.90, ఆ తర్వాత బొలెరోతో ఊరూరా తెలిసిన 2523 సీసీ డీఐ ఇంజన్, ఇలా దొరికినదాన్ని బిగించుకున్నారు.

డీజిల్ అంటేనే లాగుడు ఎక్కువ అన్న నమ్మకం ఇక్కడ చాలా జీపులను పాడుచేసింది. ఎక్స్‌డీపీ 4.90 టార్క్ సుమారు 120 న్యూటన్ మీటర్లే. హరికేన్‌కు తయారీదారు చెప్పిన అంకె దాదాపు 155. అంటే ప్యూజో ఇంజన్ వేసిన జీపుకు పాత 5.38 క్రౌన్‌నే ఉంచడం మంచిది. 4500 ఆర్‌పీఎం దాకా తిరగగలదు కనుక దానికి ఇబ్బంది లేదు. టర్బో ఉన్న డీఐ ఇంజన్ సంగతి వేరు. అది 1500 ఆర్‌పీఎం దగ్గరే సుమారు 180 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, 3200కు అలసిపోతుంది.

లెక్క కష్టమైనదేమీ కాదు. 6.00-16 టైరు ఒక చుట్టుకు దాదాపు 2.2 మీటర్లు నడుస్తుంది. టాప్ గేరు నేరుగా ఉండి, గంటకు 80 కిలోమీటర్లు పోతున్నప్పుడు 5.38 క్రౌన్‌తో ఇంజన్ 3260 ఆర్‌పీఎం తిరుగుతుంది, 4.88తో 2960, 4.27తో 2590. డీఐ ఇంజన్‌కు మొదటిది హద్దు దాటుతుంది, మూడోది హాయిగా ఉంటుంది. 7.50-16 టైర్లు వేస్తే చుట్టుకొలత పదో వంతుకు పైగా పెరుగుతుంది, 5.38 ఉన్న జీపు కూడా దాదాపు 4.85 ఉన్నట్టే నడుస్తుంది. టైరు ఖాయం కాకుండా క్రౌన్ కొనడం డబ్బు పారేసుకోవడమే.

హైవే లెక్కతోనే ఆగిపోవడం అసలు పొరపాటు. అడవి జీపుకు ముందు చూడాల్సింది పాకుడు వేగం. టీ-90 మొదటి గేరు 2.8, ట్రాన్స్‌ఫర్ కేస్ ‘లో’ గేరు 2.46, క్రౌన్ 5.38: మూడూ గుణిస్తే 37. ఐడిల్ 700 ఆర్‌పీఎం అనుకుంటే జీపు గంటకు రెండున్నర కిలోమీటర్లు కదులుతుంది, పక్కన మనిషి నడిచి రాయి చూపించగలిగేంత నెమ్మదిగా. క్రౌన్ ఒక్కటే 4.27కు మారిస్తే గుణకం 29కి పడిపోతుంది, వేగం మూడు దాటుతుంది. డ్రైవరు క్లచ్ మీద కాలు పెట్టి నెట్టుకొస్తాడు, ప్లేటు కాలిపోతుంది. అందుకే డీఐ ఇంజన్‌కు 4.27 వేసేవారు మొదటి గేరు 4 దరిదాపుల్లో ఉన్న గేర్‌బాక్స్ కూడా తెచ్చుకోవాలి. అప్పుడు గుణకం 42 అవుతుంది, కిందా పైనా రెండూ కుదురుతాయి. అయితే పాత స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేస్‌లో వెనక్కి వెళ్లే షాఫ్ట్ కుడివైపుకు జరిగి ఉంటుంది. టూవీల్ బొలెరో గేర్‌బాక్స్ నేరుగా అతకదు.

దిగేటప్పుడూ ఇదే గుణకం కాపాడుతుంది. గువ్వలచెరువు ఘాట్‌లో, శ్రీశైలం మలుపుల్లో పాత డ్రమ్ బ్రేకులు వేడెక్కి పట్టు వదిలితే బండిని అదుపులో ఉంచేది చిన్న గేరే. ఎండ సంగతీ మరవకూడదు. కర్నూలు వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలు. పొడుగు గేరుతో ఇంజన్‌ను తక్కువ ఆర్‌పీఎంలో బలవంతంగా లాగిస్తే, దానికే కట్టిన వాటర్ పంపు, ఫ్యాను కూడా నిదానిస్తాయి, రేడియేటరు పొంగుతుంది. కోయిలకుంట్ల వైపు నల్లరేగడిలో వాన పడ్డాక కూడా చిన్న గేరుదే పని.

యాక్సిల్ హౌసింగ్‌లో ఏ క్రౌన్ ఉందో మాటమీద నమ్మకూడదు. కవరు విప్పి పళ్లు లెక్కపెడితే 43కు 8 అంటే 5.38, 39కి 8 అంటే 4.88, 47కు 11 అంటే 4.27. విప్పకుండా చూడాలంటే గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనక రెండు చక్రాలూ ఎత్తి, టైరు మీదా ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదా సుద్దతో గీతలు గీసి, రెండు చక్రాలనూ కలిపి ఒక చుట్టు తిప్పి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి. ముందు, వెనక హౌసింగ్‌ల నిష్పత్తి ఒకటే కావాలి. తేడా ఉంటే ఫోర్‌వీల్ వేసి గట్టి నేల మీద నడిపిన వెంటనే షాఫ్టులు, ట్రాన్స్‌ఫర్ కేస్ బిగుసుకుని విరిగేదాకా పోతుంది.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పుకు రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో నమోదు చేయించాలి. ఇంజన్ బేరం కుదుర్చుకునే ముందే ఆ కార్యాలయానికి వెళ్లడం మేలు. కొత్త క్రౌన్-పినియన్ బిగించాక బ్యాక్‌లాష్ సరిచూసి, గేర్ ఆయిల్ నింపి, మొదట బరువు లేకుండా కొద్ది కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వాలి. అంతవరకు భక్తుల్ని ఎక్కించకూడదు.